కర్త లేని స్లైడు

పెన్షన్ కాగితం మీద ఒక సంతకం కోసం మొన్నామధ్య అమలాపురం వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. చెబితే ఆ సంతకం ఈ జన్మలో పడదు. ఒకప్పుడు నా దగ్గర జూనియర్ అసిస్టెంటుగా చేసి ఇప్పుడు సూపరింటెండెంటైన కుర్రాడు గుమ్మంలోనే ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "గురువుగారూ, దేవుడల్లే వచ్చారు. లోపల కాసేపు కూర్చోండి చాలు. నలభై మంది ఉండాలండీ, ముప్పై ఏడుగురే తేలారు. ఫొటో తీసి పైకి పంపాలి."

అలా, ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి, ఇంటిపట్టున కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటున్న నేను, 'ప్రెజెంటేషన్ నాణ్యత పెంపు' అనే రెండు రోజుల శిక్షణలో ముప్పై ఎనిమిదో అభ్యర్థినయ్యాను. ముప్పై తొమ్మిది టీ ఇచ్చే కుర్రాడు. నలభయ్యో మనిషి ఎవరో నాకు తెలియదు. హాజరు పట్టీలో సంతకం మాత్రం ఉంది, నా సంతకం కంటే అందంగా ఉంది.

శిక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మెడలో ట్యాగు, చేతిలో గోడ మీద ఎర్రచుక్క వేసే పుల్ల. కుర్రాడు మంచివాడే, పాపం, మేం పెట్టిన పెసరట్టు ఉప్మా తిని నిద్రాపుకుంటూ మరీ చెప్పాడు. స్లైడుకి ఆరు వరసలు మించకూడదు. వరసకి ఆరు మాటలు మించకూడదు. రంగులు మూడు. అక్షరం వెనక బెంచీకి కనబడాలి. మొదటి స్లైడు స్వాగతం, ఆఖరి స్లైడు థాంక్యూ. ఇకమీదట శాఖ మొత్తానికి ఒకటే టెంప్లేటు, పెన్‌డ్రైవులో తెచ్చాడు. అందులో ఖాళీలు నింపడమే మన పని. చిన్నప్పుడు బళ్లో 'ఈ క్రింది ఖాళీలను పూరింపుము' అని వచ్చేది గుర్తుందా? ఆ ప్రశ్నకి రెండు మార్కులు. ఇప్పుడు దానికి జీతమిస్తున్నారు.

తలా ఒక నమూనా స్లైడు చేయమన్నాడు. రాజోలు వైపు అమ్మాయి ఒకతె, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా అయుండదు, ఇలా రాసుకొచ్చింది: "ఈ డ్రెయిను తలుపులు పాడయ్యాయి. పోయిన నెల నేను వెళ్లి చూశాను. సముద్రం పోటెక్కినప్పుడు ఉప్పునీరు చేలల్లోకి వస్తోంది. బాగు చేయించాల్సిన సెక్షనుకి రెండుసార్లు రాశాం. వాళ్లు ఇంకా రాలేదు."

శిక్షకుడు తల అడ్డంగా ఊపాడు. "మేడమ్, ఇవి వాక్యాలు. మనకి వాక్యాలు వద్దు, పాయింట్లు కావాలి." టకటకా నొక్కాడు. తెర మీద మిగిలింది ఇదీ: 'డ్రెయిను తలుపులు: మరమ్మతు పురోగతిలో.' హాలంతా చప్పట్లు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదు.

నాకు ఆరో తరగతి తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉంటాయిరా అని తొడపాశం పెట్టి మరీ చెప్పేవారు. ఆ అమ్మాయి రాసిన అయిదు వాక్యాల్లోనూ కర్త ఉన్నాడు. తలుపులు పాడయ్యాయి, నేను చూశాను, నీరు వస్తోంది, మేం రాశాం, వాళ్లు రాలేదు. ఈ అబ్బాయి చెక్కిన ముక్కలో కర్త లేడు. ఎవరు బాగు చేస్తున్నారు? తెలీదు. క్రియ లేదు. ఏం జరిగింది? తెలీదు. మిగిలింది కర్మ. అది రైతుది.

ఆఫీసుల్లో టెంప్లేటుకి ఇంత గిరాకీ ఎందుకో నాకు ఆ క్షణాన బోధపడింది. అందం కోసం కాదు. అన్నిటికీ గడి ఉన్న ఆ టెంప్లేటులో, 'కాలేదు, ఫలానావారి వల్ల' అని రాసుకోవడానికి గడి లేదు.

మేమేదో సత్యసంధులమని చెప్పడం లేదు. 'పరిశీలనలో ఉన్నది' అన్న రెండు ముక్కలతో ఏళ్లకేళ్లు దాటించిన ఘనులం. కానీ ఆ రెండు ముక్కల కింద పొట్టి సంతకం ఉండేది, తేదీ ఉండేది. టోటెన్‌హాం దొర పేరున మద్రాసు రోజుల నుంచి వస్తున్న ఆఫీసు పద్ధతిలో నోటు ఫైలుకి పేరాల నంబర్లుండేవి, ఎవడేం రాశాడో ఎవడు దాని మీద ఏమన్నాడో పదేళ్ల తర్వాత కూడా దొరికేది. ఆడిట్‌వాడు వేలు పెట్టి చూపిస్తే చెమటలు పట్టేవి. స్లైడుకి పొట్టి సంతకం ఎక్కడ పెడతారు? 2004లో అమెజాన్ యజమాని బెజోస్ తన పెద్ద మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దన్నాడు. ఆరు పేజీలకు మించకుండా పూర్తి వాక్యాల్లో నోటు రాసుకురండి, ముందు అందరం నోరు మూసుకుని చదువుదాం, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ప్రపంచం అబ్బురపడింది. అయ్యా, అది మా బీరువాలో చెదలు తినేసిన సరుకేనండీ.

ఇక ముఖపత్రం. టెంప్లేటు మొదటి స్లైడు మీద ఒక ఫొటో: కాలవ, రెండు గట్ల మీదా వంగిన కొబ్బరిచెట్లు, మధ్యలో పడవ. విషయం ఏదైనా బొమ్మ అదే. దోమల నివారణకీ అదే, పన్ను వసూళ్లకీ అదే. ఆ అమ్మాయి స్లైడుకీ అదే. శంకరగుప్తం డ్రెయిను సంగతి రాజోలు వైపు ఎవర్నడిగినా చెబుతారు. చేలల్లో నీటిని సముద్రంలోకి తియ్యాల్సిన కాలవ, పోటు వేళ సముద్రాన్నే ఊళ్లోకి తెచ్చింది. ఉప్పు వేళ్లకెక్కి, మొవ్వులెండి, తలలు రాలిపోయి, తీగల్లేని కరెంటు స్తంభాల్లా నిలబడ్డాయి చెట్లు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి దాకా వచ్చి ఆ మోళ్లను కళ్లారా చూసి వెళ్లారు. అలాంటి చోటి గురించి చెప్పే స్లైడుకి పచ్చటి కోనసీమ ఫొటో ఏమిటని నేనే ఉండబట్టలేక అడిగాను. "బాబూ, ఆ మోడు చెట్ల ఫొటో పెట్టకూడదా?"

"కుదరదు సర్. ముఖపత్రం లాక్ అయి ఉంటుంది. బ్రాండింగ్."

చెట్టు చచ్చినా బ్రాండింగ్ బతికే ఉంటుందన్నమాట.

తెలుగులో చేయొచ్చా అని ఎవరో అడిగారు. ఇక్కడ అసలు సర్కసు మొదలైంది. మా ఆఫీసుల్లో సగంమంది 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొడతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే రైతు కాస్తా కోడిగీతలైపోతాడు. మిగతా సగం యూనికోడ్. విండోస్‌తో పాటు చాలా ఏళ్లు వచ్చిన తెలుగు ఫాంటు పేరేమిటో తెలుసా? గౌతమి. మాకు గౌతమి అంటే నది. 1986 ఆగస్టులో ఉగ్రరూపం చూపించి లంకల్ని ముంచేసిన తల్లి. మైక్రోసాఫ్టు వాళ్లకి ఆవిడ ఒక అక్షరాల మూట. నది పొంగితే లంకలు మునుగుతాయి, ఫాంటు అటూ ఇటూ అయితే ఒత్తులూ గుణింతాలూ మునుగుతాయి. తెర మీద 'కొత్తపేట' అన్నది 'కొ', 'త', 'పే', మధ్యలో రెండు చతురస్రాలూ అయి కూర్చుంది. అందుకని తీర్మానం ఏమంటే, ఇంగ్లీషులోనే చేద్దాం.

"మరి రైతుకి అర్థం కాదు కదండీ?" అంది రాజోలు అమ్మాయి.

"రైతు మన ఆడియన్స్ కాదు మేడమ్."

రెండు రోజుల శిక్షణలో చెప్పిన నిజం అదొక్కటే. నిజమే కదా, స్లైడు ఎప్పుడూ ఎగువకే పోతుంది. మండలం నుంచి డివిజనుకి, అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి అమరావతికి. గోదావరి నీరు ధవళేశ్వరం నుంచి కిందికి పారుతుంది, మా సమాచారం కింది నుంచి పైకి పారుతుంది. నీరు కనీసం పల్లమెరుగు.

ఈ సరంజామా మనకెలా అంటుకుందో చెప్పుకోవాలి. పవర్‌పాయింట్ 1987లో అమెరికాలో పుట్టింది. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ అనేవాళ్లు చేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్టు కోటీ నలభై లక్షల డాలర్లిచ్చి ఆ కంపెనీని కొనేసింది. సరిగ్గా పదేళ్లకి, 1997లో, చంద్రబాబు నాయుడు గారు ఢిల్లీలో బిల్ గేట్స్‌ని కలిసి ల్యాప్‌టాప్ తెరిచి రాష్ట్రం గురించి చెప్పారు. పది నిమిషాలనుకున్న భేటీ అంతకంటే చాలాసేపు సాగిందని ఆయనే చాలా సభల్లో చెప్పారు. మర్నాడే కాకపోయినా మరుసటి ఏడాది, 1998లో, హైదరాబాదుకి మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రం వచ్చింది. దానికి వంక పెట్టలేం. అడగడానికి ఒక్క కోరిక, అడిగేవాడు ఒక్కడు, అవుననో కాదనో అనగలిగినవాడు ఎదురుగా. ప్రెజెంటేషన్ అంటే అది.

మన యంత్రాంగం ఆ కథ నుంచి ఏం నేర్చుకుంది? ల్యాప్‌టాప్. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, కోరిక లేనివాడు, అధికారం లేనివాడు, ఎదురుగా వినేవాడు లేనివాడు, అందరూ స్లైడులు మొదలెట్టారు. విజన్ 2020 పుస్తకం 1999లో వచ్చింది. స్వర్ణాంధ్ర 2047 పత్రం 2024 డిసెంబరులో వచ్చింది. పాతికేళ్లు నడిచేసరికి గడువు ఇరవై ఏడేళ్లు ముందుకు జరిగింది. ఇప్పుడు విజన్ నియోజకవర్గం దాకా దిగింది కనుక స్లైడులూ దిగాయి. మా పాత సీట్లో కూర్చున్న కుర్రాడు వారానికి రెండుసార్లు కోడి కూయకముందే లేచి స్లైడులు చేస్తున్నాడు. పగలు ఫైలు చూసే టైము లేదంటాడు.

తొంభైల్లో పవర్‌పాయింట్‌లో ఆటోకంటెంట్ విజార్డ్ అని ఒకటుండేది. మీరు బుర్ర వాడక్కర్లేదు, విషయం కూడా అదే ఇస్తుంది. ఆ పేరు మొదట ఆ కంపెనీవాళ్లే ఎగతాళికి పెట్టుకున్నది, చివరికి అదే నిలిచిపోయింది. 2007 వెర్షన్లో దాన్ని తీసేశారు. మన ఆఫీసుల్లో తియ్యలేదు. ఇక్కడ దాన్ని సీనియర్ అసిస్టెంటు అంటారు. పోయిన నెల స్లైడు తెరిచి తేదీ మార్చి, 62 శాతాన్ని 64 చేసి పైకి పంపుతాడు. నేనూ చేశాను. ఒకసారి పొరపాటున 62ని 26 చేశాను. ఎవరూ అడగలేదు.

శిక్షణకేం కొదవ లేదు. 2020 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ మిషన్ కర్మయోగిని ఆమోదించింది, ఆన్‌లైన్ పాఠాలు బోలెడు. ఫోన్లో వీడియో ఆడుతుంటుంది, మనిషి పక్కన ఫైలు కుడుతుంటాడు, చివర్లో సర్టిఫికెట్టు దిగుతుంది. పేరు మటుకు దివ్యంగా కుదిరింది. కర్మ ఉంది, యోగి ఉన్నాడు, కర్త ఒక్కడే ఊళ్లో లేడు.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక తిరిగొస్తూ ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. పైకి లేచేటప్పుడే నురగముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలిందని నాసాకి తెలుసు. నౌక ఇంకా పైనుండగానే ఇంజినీర్లు స్లైడులు పెట్టి చర్చించారు. ఒక స్లైడులో శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. తగిలిన ముక్క తాము పరీక్షించినవాటి కంటే వందల రెట్లు పెద్దదన్న సంగతి అట్టడుగున, చిన్నక్షరాల్లో, బులెట్ల కింద బులెట్టుగా ఉండిపోయింది. ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆచార్యుడు దాన్ని విప్పి చూపించాడు. విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది.  బులెట్లకి మాత్రం లోటు లేదు.

మా 'నగరం' అనే ఊరికి స్లైడు కూడా దక్కలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పోనిచ్చారని, నీరు చేరి లోపల్నించి లోహాన్ని తినేసిందని తర్వాత విచారణలో తేలింది. వాసన వస్తోందండీ అని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. 'వాసన వస్తోందండీ.' రెండు మాటలు. ఆరు మాటల నియమానికి లోబడే ఉంది కదా. దానికి గడి ఏ టెంప్లేటులో ఉందో ఎవరైనా చూపించండి.

సరే, మళ్లీ శిక్షణలోకి. రెండో రోజు 'ప్రగతి చూపించే పద్ధతులు' అని పాఠం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు. ఎరుపు పెడితే పైవాళ్లకి కోపం, పచ్చ పెడితే తనిఖీకొస్తారు, కనక పసుపు క్షేమం. పసుపు శుభం కూడా. మా కోటిపల్లి–నరసాపురం రైలు లైనుకి ఈ పసుపు చుక్క పాతికేళ్లుగా చెరగలేదు. 2000-01లో మంజూరైంది, బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజులు. 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు. గౌతమిలో దిగిన స్తంభాల మీద కొంగలు వాలుతున్నాయి. అమలాపురంలో పుట్టి, చదివి, ఉద్యోగం చేసి, రిటైరై, ఊళ్లో రైలు కూత వినకుండా పోయినవాళ్లు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. స్లైడులో మాత్రం పనులు పురోగతిలో ఉన్నాయి. వర్తమాన కాలంలో ఇంత దీర్ఘకాలం బతికిన వాక్యం తెలుగులో ఇంకోటి లేదు.

కోనసీమ చేసిన అతి పెద్ద ప్రెజెంటేషన్‌కి టెంప్లేటు లేదు. 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించి వేలకు వేల ఎకరాలు దున్నకుండా వదిలేశారు. గిట్టుబాటు లేదు, కూలి భరించలేం, డ్రెయిన్లు పూడిపోయి చేను చెరువవుతోంది, ఇక మావల్ల కాదు అన్నారు. ఎటు చూసినా ఖాళీ స్లైడు. మాట లేదు, బులెట్టు లేదు, దేశమంతా చదివింది. ప్రభుత్వం దిగొచ్చి మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా గారితో సంఘం వేసింది. సంఘం నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఏమైందంటారా, 2022లో రైతులు మళ్లీ పంట విరామం అన్నారు. అంతే, ఆ రెండు సంవత్సరాల అంకెలు పక్కపక్కన పెడితే చాలు, గ్రాఫు అక్కర్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం రాజోలు అమ్మాయి వంతు వచ్చింది. లేచి నిలబడగానే కరెంటు పోయింది. జనరేటరుకి డీజిలు లేదు. శిక్షకుడు బిత్తరపోయాడు. తెర నల్లబడింది కదా, పిల్లకి భయం పోయినట్టుంది, మామూలుగా చెప్పడం మొదలెట్టింది. తలుపులు ఎక్కడ తుప్పుపట్టాయి, పోటు ఎన్ని గంటలకి ఎక్కుతుంది, ఎవరి చేనులో ఎన్ని చెట్లు పోయాయి, తను ఎవరికి ఉత్తరం రాసింది, వాళ్లేమన్నారు. చేతులతో కాలవ గీసింది. గాజుగ్లాసుని తలుపు చేసి ఎలా మూసుకోవాలో, ఎందుకు మూసుకోవడం లేదో చూపించింది. అయిదు నిమిషాలు. టీ కుర్రాడు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఆయ్, మా మావయ్య చేనూ ఇంతేనండీ. తలుపు ఇటేపు ఇరుక్కుపోద్దండీ, అటేపు కాదు. పక్క ఊళ్లో కమ్మరాయన బాగుచేత్తానన్నాడండీ, ఎవురూ అడగలేదండీ." రెండు రోజుల్లో విషయం తెలిసినవాడు ఒకడు మధ్యలో అందుకుని సరిదిద్దడం అదే మొదలు, అదే చివర.

మన కళల్లో ఇలా అందుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకాయన రాజకీయం, ఒకాయన హాస్యం. కథకుడు గాల్లోకి లేచినప్పుడల్లా 'ఆగాగు, అదెలాగ?' అని కాలు పట్టి కిందికి లాగుతారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడ్డుపుల్లలు వేస్తుంటారు, ఒకాయన నిషిద్ధాక్షరి పేరుతో ఈ అక్షరం వాడకూడదు, ఆ అక్షరం వాడకూడదు అంటూ నోరు కట్టేస్తాడు, అవధాని చేతిలో చీటీ కూడా ఉండదు. చెప్పడం నేర్చుకోవాలంటే మన దగ్గర ఇంత సరుకుంది. కోట్లు పోసి టెంప్లేట్లు కొనేబదులు మా ఆఫీసుల్లో ఒక నిషిద్ధాక్షరి పృచ్ఛకుణ్ణి నియమించండి. 'పురోగతి', 'పరిశీలన', 'త్వరలో' ఈ మూడు మాటలూ నిషిద్ధం. సగం మీటింగులు మౌనవ్రతంలో గడిచిపోతాయి. అవధానంలోని ఎనిమిది అంశాల్లో అప్రస్తుత ప్రసంగం ఒక్కటే ఇప్పుడు మా ఆఫీసుల్లో భర్తీ అయి ఉంది. ఆ పోస్టు పెద్దాయనది. మిగతా ఏడూ ఖాళీ.

కరెంటు వచ్చింది. "ఎక్కడ ఆపాం? ఆ, పద్నాలుగో స్లైడు" అన్నాడు శిక్షకుడు. టీ కుర్రాడి మాట మినిట్సులో ఎక్కలేదు. వాడి హోదాకి గడి లేదట. సాయంత్రం ఫొటో తీశారు, సర్టిఫికెట్లిచ్చారు. నాక్కూడా ఇచ్చారు. అభిప్రాయ పత్రంలో 'అద్భుతం' అని ముందే అచ్చేసి ఉంది, టిక్కు పెట్టడమే తరువాయి. పెట్టాను. టెంప్లేటుని గౌరవించాలి కదా.

రేపో మాపో మీ ఆఫీసులోనూ ప్రెజెంటేషన్ ఉంటుంది. ఒక్క ఉపకారం చేయండి. ఆఖర్న థాంక్యూ స్లైడు తీసేసి, అక్కడ ఒక మనిషి పేరు, ఒక తేదీ, ఒక ఫోన్ నంబరు పెట్టండి. టెంప్లేటు లాక్ అయి ఉందంటారా, చిత్తుకాగితం మీద రాసి ప్రొజెక్టరు పక్కన గోడకి మైదాతో అంటించండి. తెలుగులో రాయండి.

నా పెన్షన్ కాగితం మీద సంతకం ఇంకా పడలేదు. పెట్టాల్సినాయన రెండో బ్యాచ్ శిక్షణకి వెళ్లారు.